కోటిలో మిగిలిన ఒకటి

ఉమ్మడి కుటుంబాలు ఆస్తి తగాదాలతో విడిపోతాయంటారు. మా ఇంట్లో మాత్రం కోటిని మూడుతో భాగించినందుకు మూడు పొయ్యిలు వెలిశాయి. భాగించిన మహానుభావుణ్ణి నేనే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. కాకినాడలో బి.ఏ. లెక్కలు చదువుతూ సెలవులకి రాజోలు వచ్చాను. లెక్కలు బాగా వచ్చినవాడు ఊరుకుంటాడు. కొత్తగా వచ్చినవాడు ఊరుకోలేడండీ!

అప్పటికే మా దొడ్డమ్మ, అమ్మ, పిన్ని కలిసి రామకోటి మొక్కుకున్నారు. కోటిసార్లు శ్రీరామ అని రాయాలి. ఎవరికి వీలైనన్ని వాళ్ళు రాద్దామనుకుని, పుస్తకాలకి పసుపు రాసి, హాయిగా ఉన్నారు.

"అలా ఇష్టమొచ్చినట్టు రాస్తే ఎలా? సమానంగా పంచుకోవాలి" అన్నాను.

"చదువుకున్నోడివి, నువ్వే పంచు నాయనా" అంది దొడ్డమ్మ.

పంచాను. "తలా ముప్పైమూడు లక్షల ముప్పైమూడు వేల మూడువందల ముప్పైమూడు. ఒకటి మిగులుతుంది."

"మిగలడమేంటి? సరిగ్గా చెయ్యి."

"ఎవరు చేసినా అంతే దొడ్డమ్మా. ఒకటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టినా, మూడుతో భాగిస్తే ఒకటి మిగిలి తీరాలి." ఈ ముక్క చెబుతున్నప్పుడు నా మొహంలో వెలుగు మీరు చూడాల్సింది.

"అయితేరా, కోటి పూర్తయ్యేది ఆ ఒక్కదాంతోనేనా?" అంది పిన్ని.

"ఆయ్, దాంతోనే!" అన్నాను ఉత్సాహంగా.

అంతే. కోటి పూర్తిచేసే నామం! మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

"పెద్దదాన్ని, నేను రాస్తాను" అంది దొడ్డమ్మ.

"మొక్కుకుందామన్నది నేను" అంది అమ్మ.

"ఈ ఇంట్లో ఎప్పుడూ నాకు మిగిలిందే పెట్టేరు కదా, ఇదీ నాకే పెట్టండి" అంది పిన్ని.

సర్దుదామని, "పోనీ, తలా ఒకటి ఎక్కువ రాయండి" అన్నాను.

"అప్పుడెన్నవుతాయి?" అంది అమ్మ.

"కోటిమీద రెండు. ఆ రెండూ అదనం."

"ఎవరివిరా అదనం?" కన్నతల్లి అలా చూడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

వారం తిరిగేసరికి మూడు పొయ్యిలు. ఇంటిపెద్ద మా పెదనాన్నగారు. మూడుచోట్లా పప్పు తిని, విసిగి, అందరినీ కూర్చోబెట్టి నన్ను పిలిచారు.

"ఏరా, ఆ కోటిని శేషం లేకుండా ఎంతమందికి పంచొచ్చు?"

"ఇద్దరికి, నలుగురికి, అయిదుగురికి, ఎనిమిదిమందికి పంచొచ్చండి. ముగ్గురికి మాత్రం కుదరదండి."

"అయితే నలుగురికి పంచెయ్యి."

"నాలుగోవారెవరండీ?" అన్నాను. అన్నాక చూస్తే అందరూ నావైపే చూస్తున్నారు.

పాతిక లక్షలు! రోజుకి వెయ్యి చొప్పున రెండువేల అయిదువందల రోజులు. ఈ భాగహారంలో శేషం రాలేదు, నాకు ఏడుపొచ్చింది.

పొయ్యిలు ఒకటయ్యాయి. వాళ్ళు ముగ్గురూ మూడేళ్ళలో తమ వాటాలు ముగించేశారు. నేను పెళ్ళిపీటల మీద తప్ప అన్నిచోట్లా రాశాను. అయినా ఏడేళ్ళు పట్టింది. చివరిరోజు ముగ్గురూ నా ఎదురుగా కూర్చున్నారు. ఆఖరి నామం రాసి, కలం కిందపెట్టి, "హమ్మయ్య, కోటి పూర్తయింది" అన్నాను.

ముందుగా పిన్నికి తట్టింది. "అయితే అక్కా, కోటి పూర్తిచేసే నామం రాసింది వీడా?"

ఈసారి పొయ్యిలు వేరుపడలేదు. ముగ్గురూ ఒక్కటైపోయారు. ఆ పూట నాకు మాత్రం ఎవరూ అన్నం పెట్టలేదు.

ఖాళీ కడుపుతో, శ్రీరాముడి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ సంఖ్యనీ ఎవరికోసమూ భాగించను. తప్పనిసరై భాగించినా, శేషమొస్తే గుటుక్కున మింగేస్తాను గానీ పైకి చెప్పను.