సెన్సార్లే గెలిపించిన రోజు

మొన్న జూలూరుపాడు దగ్గర ఒక మొక్కజొన్న చేను చుట్టూ తాడుకు కట్టిన ఖాళీ డబ్బాలు గాలికి గలగలమంటుంటే, అన్నను ఓడించిన రోజు గుర్తొచ్చి బండి మీదే నవ్వుకున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌లో గ్రహాలను గెలుచుకునే ఆట ఆడేవాళ్లం. ఒకరి వంతు నడుస్తుంటే రెండోవాళ్లు గోడవైపు తిరిగి కూర్చోవాలి. సొంత గ్రహం పోతే ఆట అయిపోయినట్టే. అన్న ఎప్పుడూ యుద్ధనౌకలే కొనేవాడు. ఆ రోజు నేను ఒక్క నౌక ఉంచుకుని, మిగతా పాయింట్లన్నీ దూరంలోని నౌకలను చుక్కలుగా చూపించే సెన్సార్లకే పెట్టి, ఆ సంగతి అన్నకు గొప్పగా చెప్పాను.

"గవి కొడ్తయా, పేలుతయా? ఏం జేసుకుంటవే గవన్నీ?" అని అన్న పడీపడీ నవ్వాడు.

తాత చేనులో డబ్బాలు మోగితే అడవిపందులు పారిపోయేవి. శత్రువు కూడా కనబడితే చాలు, పారిపోతాడనుకున్నాను.

పారిపోలేదు. ఎర్రచుక్కలై గుంపుగా నా మీదికే వస్తున్నాడు. ఏడుపొచ్చింది. కానీ చూస్తే అన్న గ్రహం దగ్గర ఒక్క చుక్కా లేదు! ఉన్న ఒక్క నౌకనూ చుట్టూ తిప్పి అక్కడికి పంపాను. అన్న నౌకలు నా గ్రహాన్ని చేరేలోపే అది అక్కడ దిగింది.

గోడవైపు నుంచి తిరిగిన అన్న, "నా గ్రహం ఎటువోయిందే?" అన్నాడు.

"తాళం ఏయకుండ బయటికి పోతే గట్లనే ఐతది!" అని వీధంతా వినేలా అరిచాను.

డబ్బాలు మోగగానే తాత కర్ర పట్టుకుని వస్తాడు కాబట్టే పందులు పారిపోయేవని తర్వాత తెలిసింది. ఆ రోజు నా ఒక్క నౌకే తాత. అన్నతో మాత్రం సెన్సార్లే గెలిపించాయని ఇప్పటికీ అంటాను.