మేక మెడలో చంద్రుడు

కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. నా విషయంలో కాలం మేకతోపాటు నడిచి అంగడికి వెళ్లి అమ్ముడుపోయింది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం బాధలేదు. మా ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా నవ్వుతూనే ఉంది.

తొంభైల చివరి సంగతి. బందరు నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో కొత్తగా వెలసిన కాలనీలో కాపురం పెట్టాం. శామీర్‌పేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాని. కుర్చీలో కూర్చుని, వచ్చిన చీటీ మీద సంతకం పెట్టడమే ఉద్యోగం. రోజంతా నా చెయ్యి కదిలేది అంత మాత్రమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ రోజుల్లో నాకు వాచీల పిచ్చి పట్టింది. బ్యాటరీ వాచీలు కాదు, చక్రాల మీద నడిచే పాతకాలపు విదేశీ వాచీలు. కొనే తాహతు లేదు గాని, చూసే ఓపిక దండిగా ఉండేది. కౌకూర్‌లో రిటైరైన మేజర్‌గారొకరు వాటిని సేకరించేవారు. ప్రతి ఆదివారం వాళ్లింట్లో వాలిపోయేవాణ్ణి. ఆయన బీరువాలోని వాచీలన్నిటిలో ఒకటి నా నిద్ర చెడగొట్టింది. దాని ముఖం మీద తేదీ, వారం, నెల కనిపించేవి. అన్నిటికీ కింద చిన్న కిటికీలో బంగారు చంద్రుడు. ఆకాశంలో చంద్రుడు పెరిగితే అందులోనూ పెరిగేవాడు, తరిగితే తరిగేవాడు. పంచాంగం చూడకుండా ఇనుప ముక్కలకి పౌర్ణమి ఎలా తెలుస్తుందండీ? నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

దానికి కీ ఇచ్చే పని లేదట. లోపల అరచక్రంలాంటి బరువొకటి ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. చెయ్యి కదలకపోతే వాచీ ఆగుతుంది. ఆగితే తేదీ, వారం, నెల, చంద్రుడు అన్నీ మళ్లీ సూదిమొనతో సర్దాలి. వేళకాని వేళ సర్దితే లోపలి పళ్లు విరుగుతాయి.

మేజర్‌గారు పది రోజులు కూతురింటికి వెళ్తూ ఆ వాచీ నా చేతికి పెట్టారు.

“ఆగకుండా చూడండి. ఆగకపోతే, బీరువాలో దీని పక్కనున్న స్టీలు వాచీ దీన్ని నడిపినవాళ్లది. ఆగిందో, ఇంక ఆదివారాలు రానక్కర్లేదు.”

పెళ్లినాడు కూడా నేను అంత గర్వంగా నడవలేదు. రెండో రోజు పొద్దున చూసుకుంటే వాచీ నాలుగు నిమిషాలు వెనకబడి ఉంది. ప్రాణం పోయే ముందు నీరసమన్నమాట. చెయ్యి ఊపుతూ ఆఫీసుకెళ్తే, వాతం చేసిందా అని అందరూ పరామర్శించారు. ఇంటికొచ్చి, అటూ ఇటూ తల తిప్పే టేబుల్ ఫ్యానుకి కట్టాను. మా ఆవిడ వచ్చి చూసింది.

“ఏవండీ, ఆ గాలి మనకా, వాచీకా?”

అప్పుడే ప్రహరీ అవతల ఖాజా భాయ్ నల్ల మేకపిల్ల కనిపించింది. ఖాజా భాయ్ మేకల వ్యాపారి, మాకు మంచి పొరుగువాడు. ఆ పిల్ల ఒక్క క్షణం కుదురుగా ఉండేది కాదు. గోడెక్కేది, దిగేది, తలాడించేది. దాన్నే చూస్తూ ఉంటే నాకు జ్ఞానోదయమైంది. వాచీలో టైము సరిచేసి, నల్లగుడ్డలో మూటకట్టి తీసుకెళ్లి దాని మెడకి కడుతుంటే ఖాజా భాయ్ వచ్చాడు.

“ఏంది సార్, గీ మూట?”

నిజం చెబితే నవ్వుతాడని భయం. “తాయెత్తు, భాయ్. దిష్టి తగలకుండా.”

అతను మూటకి చెవి ఆనించాడు. “టిక్కు టిక్కుమంటాంది.”

“మంత్రం గట్టిది. విప్పకూడదు.”

ఇంత అబద్ధం ఆడుతుంటే నా నాలుక ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం మేకను ముద్దుచేసే మిషతో మూట విప్పి చూసుకునేవాణ్ణి. రేడియో వార్తలకి, వాచీకి సెకను తేడా లేదు. మేక మెడలో చన్నులు ఎందుకూ కొరగావని సామెత. ఆ సామెత పుట్టించినవాడు అక్కడ వాచీ కట్టి చూడలేదు.

తొమ్మిదో రోజు ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మేక లేదు. ఖాజా భాయ్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మేడ్చల్ అంగట్ల అమ్మిన సార్. గౌడవెల్లి మల్లవ్వ తాయెత్తు జూసే తీస్కున్నది. మీ మంత్రం మస్తు పన్జేసింది.”

మేజర్‌గారు మర్నాడే వస్తున్నారు. దిష్టి, దోషం అని ఏదో గొణిగి ఖాజా భాయ్ మోపెడ్ వెనక ఎక్కాను. గౌడవెల్లిలో మల్లవ్వ ఇంటి ముందు ఆ పిల్ల యథాప్రకారం గెంతుతోంది. మెడలో మూట భద్రంగా ఉంది. మల్లవ్వ డెబ్బై ఏళ్ల మనిషి. తాయెత్తు విప్పనిమ్మంటే అడ్డంగా తలూపింది.

“ఇప్పితే పిల్ల ఆగమైతది. నేనియ్య.”

దాని మహిమ పది రోజులేనని, తొమ్మిది గడిచిపోయాయని బతిమాలాను. అయితే ఇంకో రోజుంది గదా, ఎల్లుండి రమ్మంది. నా మంత్రం నాకే తగిలింది. ఇంక దారి లేక, నేల చూపులు చూస్తూ నిజం చెప్పేశాను. ఖాజా భాయ్ మెల్లగా అన్నాడు.

“గడియారమని జెప్తే కట్టనియ్యకపోతునా సార్? నాతోని అబద్ధమెందుకు?”

తిట్టినా బాగుండేది. నాకు నిజంగా సిగ్గేసింది.

మల్లవ్వ మూట విప్పింది. కిటికీలో చంద్రుణ్ణి చూసి, తలెత్తి తూర్పున అప్పుడే లేస్తున్న చంద్రుణ్ణి చూసింది. మళ్లీ వాచీ చూసింది.

“గంతే ఉన్నడు సంద్రుడు,” అంది. ముగ్గురం కాసేపు అలా పైకీ కిందికీ చూస్తూ నిలబడ్డాం. ఆమె వాచీ నా చేతిలో పెట్టింది గాని, పిల్ల మెడ బోసిగా ఉండకూడదంది. మా మామగారు పెళ్లిలో పెట్టిన బ్యాటరీ వాచీని విప్పి దానికి కట్టి వచ్చాను.

మర్నాడు మేజర్‌గారు వాచీని రేడియోతో సరిచూసి ఆశ్చర్యపోయారు.

“నా చేతికే ఇంత బాగా నడవలేదే. ఏం చేశారు?”

క్రమశిక్షణ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన పట్టీ సందులోంచి నల్లవెంట్రుక ఒకటి లాగి వాసన చూశారు.

“మేకా?”

అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. బీరువా తీసి స్టీలు వాచీ నా ముందు పెట్టారు.

“నడిపినవాళ్లదన్నాను. మాటంటే మాట. తీసుకెళ్లి ఇచ్చేయండి. ఆదివారాలు మీరు రావచ్చు, చేతులు వెనక్కి కట్టుకుని.”

మళ్లీ గౌడవెల్లి. మల్లవ్వ ఆ వాచీని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాకెందుకయ్యా? పొద్దు జూస్తే నాకు ఎర్కైతది. దానికే కట్టు.”

నేనే కట్టాను. తొమ్మిది రోజులు నేను కలలుగన్న వాచీని, నా చేతులతో, మేక మెడకి. కడుతుంటే అది నా చొక్కా గుండీ నమిలింది. మామగారి వాచీ మాత్రం నాకు తిరిగొచ్చింది, కాస్త మేక వాసనతో.

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా, ఆ కిటికీలో చంద్రుడితో సహా, ఆ రోజే ఇంట్లో ప్రమాణం చేశాను. నాకంటే చురుకైన ప్రాణికి ఈ జన్మలో వాచీ కట్టను. ఇది విని మా ఆవిడ, “మీకంటే తక్కువ కదిలేది మనింట్లో గోడ ఒక్కటేనండీ,” అంది.

అప్పటినుంచి మా ఇంట్లో గోడ గడియారమే.