కుడివైపు స్పీకరు

ఒక మనిషి మీద నేను వేసిన నింద తప్పని నాకు తెలుసు. తెలిసి ఏడేళ్లయింది. ఈమధ్యదాకా ఆ సంగతి నా ఒక్కడి దగ్గరే ఉంది. చెప్పులో దూరిన ఇసుకలాగా అది నన్ను నడవనిచ్చింది, మరిచిపోనివ్వలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. నా పేరు అడక్కండి. మావాళ్లెవరైనా చదివితే ఎలాగూ పోల్చుకుంటారు.

గరివిడి వైపు ఒక కర్మాగారంలో కొలిమి మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వేడి, ఒత్తిడి, కరెంటు, ఏది ఎంత ఉండాలో చెప్పడం నా పని. మీటరు తప్పు చూపిస్తోందని నేనంటే మీటరు మార్చేవారు, నన్ను ప్రశ్నించేవారు కాదు. ముప్పై ఏళ్లు అలా గడిస్తే మనిషికి తన మీద తనకు ఒక గట్టి నమ్మకం ఏర్పడుతుంది. అది నాకిప్పటికీ ఉంది.

తరువాత విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాం. హాల్లో పెద్ద టీవీ, చుట్టూ ఐదు స్పీకర్లు, మూలన బేస్ డబ్బా, టీవీ వెనుక రంగులు మారే లైట్లు. ఇదంతా నా సరదా. స్పీకర్ల పని మా చెల్లెలు పార్వతి భర్త సన్యాసిరావుకు అప్పగించాను. అతను కేబుల్ టీవీ వ్యాపారం పోయాక హోమ్ థియేటర్లు బిగించే దుకాణం తెరిచాడు. మా ఇల్లే అతని మొదటి పెద్ద పని. కాలనీలో నా పాత సహోద్యోగులు కొందరు, నేను బాగుందంటే తామూ పెట్టించుకుందామని ఎదురుచూస్తున్నారు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

లైట్లు మాత్రం నేనే పెట్టాను. టీవీ వెనుక అంచుల వెంట ఎల్‌ఈడీ పట్టీ అంటించాలి. టీవీ నెత్తిన ఒక చిన్న కెమెరా కూర్చుని తెరను చూస్తుంటుంది. తెర అంచున ఏ రంగు వస్తే పట్టీ ఆ వైపు అదే రంగులో వెలిగి గోడంతా పరుచుకుంటుంది. కెమెరాకు తెర హద్దులు తెలియాలంటే ముందు అంచుల మీద నారింజరంగు స్పాంజి ముక్కలు అంటించి, ఫోనులో ఒక్కో ముక్క మీద చుక్క పెట్టాలి. ఓపికగా చేశాను. కుడివైపు మంట వస్తే కుడిగోడ ఎర్రబడింది. ఎడమవైపు సముద్రం వస్తే ఎడమగోడ నీలమైంది. వెంట్రుకవాసి తేడా లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. వెలుగు కుడికి పోతోంది. శబ్దం పోవడం లేదు.

ఆ ఆదివారం బంధువులను చూడటానికి పిలిచాను. అద్దాల దుకాణంలో పోట్లాట సీను ఒకటి వేశాను. కుడిపక్క అద్దాలు పగులుతుంటే కుడిగోడ తళుక్కుమంటోంది. ఆ గలగల మాత్రం నాకు ఎడమనుంచే వస్తోంది. కుడి స్పీకరు గుడ్డ కప్పినట్టు మోగుతోంది.

నేనూ సన్యాసిరావూ ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. మా వైపు బావల మధ్య హాస్యానికి హద్దుండదు. ఎంతమాట అన్నా నవ్వాలి, ముఖం మాడ్చుకున్నవాడు ఓడినట్టు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

“ఏటి బావా, కుడి స్పీకరు సగం అమ్మీసుకున్నావేటి?”

“మీ సెల్లెల్నే ఎవులూ కొనలేదు, సగం స్పీకరు ఎవులు కొంతారు బావా?” అన్నాడు సన్యాసిరావు.

“నిన్ను ఊరికే ఇస్తానన్నా ఎవులూ అట్టుకెళ్లరు!” అని వంటింట్లోంచి పార్వతి అరిచింది.

అందరూ నవ్వారు. నేను అక్కడ ఆగాల్సింది.

“నవ్వులాట కాదు. నా కుర్చీల కూకొని ఇను. కుడిపక్క మొద్దుగా ఉన్నాది” అన్నాను.

అతను కూర్చుని విన్నాడు. “బాగానే ఉన్నాది కదేటి. రెండూ ఒక్కలాగే వస్తన్నాయి.” ఫోను తీసి శబ్దం కొలిచి నా ముందు పెట్టాడు. “నువ్వే సూడు బావా.”

“ముప్పై ఏళ్లు మీటర్లు సూసినోడికి ఫోను సూపిస్తావేటి? డబ్బా మీద ఒక పేరు, లోపల ఇంకో సరుకు. అయినోళ్ల కాడ కూడా ఇదేనా?”

ఇదీ హాస్యమేనేమో అని అతను నా ముఖంలోకి చూశాడు. నేను నవ్వలేదు. బంధువులను ఒక్కొక్కరినే నా కుర్చీలో కూర్చోబెట్టి “కుడి తక్కువ కదూ?” అని అడిగాను. ఇంటి పెద్ద అలా అడిగితే కాదనేదెవరు? కొద్దిగా తక్కువేనన్నారు. మా ఆవిడ కమల ఒక్కతే “నాకైతే తేడా తెల్డం లేదు” అంది. నీకు బొమ్మ కదిలితే చాలని ఆమె నోరు మూయించాను. పార్వతి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు సన్యాసిరావు కొత్త స్పీకరు తెచ్చి బిగించాడు. అదీ నాకు మొద్దుగానే వినిపించింది. “ఇదీ ఆ సరుకే” అన్నాను. అతను సామాన్లు సంచిలో సర్దుకుని వెళ్లిపోయాడు. కాలనీవాళ్లు ఫోను చేస్తే నాకు తోచిందే చెప్పాను. వాళ్లు విశాఖపట్నంలో కొనుక్కున్నారు. ‘సరుకు మార్చేస్తాడు’ అన్న మాట బంధువుల్లో స్థిరపడిపోయింది.

ఇంతవరకు నాది పొరపాటు. పొరపాట్లు మీకు చెప్పుకోవాలని నేను కూర్చోలేదు. మిగతాది వినండి.

వానాకాలం చెమ్మకు లైట్ల పట్టీ ఒక మూల ఊడింది. టీవీని ముందుకు జరిపి, దాని వెనుక గోడకు వీపు ఆనించి నిలబడి అంటిస్తున్నాను. రంగులు సరిచూసుకోవడానికి అదే అద్దాల సీను నడుస్తోంది. ఉన్నట్టుండి గలగల, సూదిమొనంత స్పష్టంగా. నేను నింద వేసిన స్పీకరులోంచే! హాలుకు ఎదురుగా నిలబడ్డాను కదా, అది ఇప్పుడు నా ఎడమచెవి వైపు ఉంది. నేను మెచ్చుకున్న రెండో స్పీకరు గుడ్డ కప్పినట్టుంది. గోడవైపు తిరిగాను. తారుమారైంది. మళ్లీ హాలువైపు తిరిగాను. మళ్లీ తారుమారు. స్పీకర్లు ఉన్నచోటే ఉన్నాయి. మొద్దుతనం నాతో తిరుగుతోంది.

స్నేహితుణ్ణి చూసొస్తానని కమలకు చెప్పి విశాఖ వెళ్లి చెవి డాక్టరుకు చూపించుకున్నాను. కుడిచెవికి సన్నని శబ్దాలు అందడం లేదు, కర్మాగారంలో చాలా ఏళ్లు ఆ పక్కనుంచే హోరు తగలడం వల్ల వచ్చిందన్నాడు. పనిలో చెవులకు పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చేవారు. నాకెందుకని సొరుగులో పడేసేవాణ్ణి.

అప్పటికి సన్యాసిరావు దుకాణం ఇంకా తెరిచే ఉంది. బస్సు దిగి నేరుగా అక్కడికి వెళ్లి ఉండొచ్చు. ఎందుకు వెళ్లలేదు? చెవిటివాడంటారనా? అంటే అననీ, ఈ వయసులో అదొక అవమానమా? కాదు. తప్పు చూపించే మీటరును తీసేయమని ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి, అదే న్యాయం నాకు వర్తిస్తే నా మాటకు ఇంట్లో, బంధువుల్లో ఏం విలువ మిగులుతుందని లెక్క వేసుకున్నాను. అంతే. బాగా ఆలోచించి నోరు మూసుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. సెట్టింగుల్లోకి వెళ్లి కుడి స్పీకరు శబ్దం పెంచాను. “ఆ నాసి సరుకును నేనే ఎలాగో దారికి తెచ్చాను” అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. తెలిసి చెప్పాను. ఎప్పుడు వాన పడిందో కూడా డైరీలో రాసుకునే నేను ఆ రోజు ‘పట్టీ అతికించాను’ అని రాసి మూసేశాను.

కొన్ని నెలలకు దుకాణం మూతపడింది. సన్యాసిరావు ఎవరిదో షాపులో బిల్లులు రాయడానికి కుదిరాడు. ఎక్కడైనా కలిస్తే నన్ను ‘మీరు’ అంటాడు. హాస్యమాడడు.

ఈమధ్య భోగాపురం దగ్గర హోటలు కడుతున్న దూరపు బంధువొకడు, అందులో చిన్న థియేటరు బిగించడానికి సన్యాసిరావు ఎలాంటివాడని నన్ను అడిగాడు. “సెయ్యి మంచిదే గానీ సరుకు మార్సెస్తాడంట కదా మావా?” అన్నాడు. ఆ కుర్రాడు ఆ ఆదివారం మా ఇంట్లో లేడు. నా మాట నాకంటే ఎక్కువ దూరం తిరిగిందన్నమాట. అక్కడికక్కడే అతనికి నిజం చెప్పాను. ఇంటికొచ్చి కమలకు చెప్పి, పార్వతికి ఫోను చేశాను.

“నాకు సెప్తే ఏటొస్తాది అన్నియ్యా? ఆరోజు ఎవుల ముందు అన్నావో ఆలకి సెప్పు” అని పార్వతి ఫోను పెట్టేసింది.

చెప్పాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లందరికీ ఫోను చేశాను. కొందరు నవ్వేశారు. ఒకాయన, తనకు ఆరోజే రెండూ బాగా వినిపించాయనీ, నేనన్నానని తనూ తక్కువేనన్నాననీ చెప్పాడు. ఆఖరున సన్యాసిరావు ఇంటికి వెళ్లాను. అంతా తలవంచుకుని విన్నాడు. హోటలు పని సంగతి ఎత్తితే “ఇప్పుడా పని నావల్ల కాదండి. అన్నీ మారిపోనాయి, సెయ్యి కూడా అలవాటు తప్పిపోనాది” అన్నాడు. క్షమించమని నేను అడగలేదు. అతనూ ఆ ఊసెత్తలేదు. టీ తాగి వచ్చేశాను.

కాలనీలో నా మాట నమ్మినవాళ్లలో కొందరి ఫోను నంబర్లు నా దగ్గర లేవు. ఒకరిద్దరు ఇప్పుడు లేరు కూడా. అందుకని ఇక్కడ రాస్తున్నాను. సన్యాసిరావు మా ఇంటికి ఇచ్చిన సరుకు మంచిది. బిగించిన తీరు మంచిది. అతను ఎవరినీ మోసం చేయలేదు. నాకు ఆ సంగతి తెలిసి కూడా అతని దుకాణం మూతపడుతుంటే ఊరుకున్నాను. ఇది రాశాక నాకు తేలికగా ఉంది. అతనికి ఉంటుందని అనుకోను.