మావయ్య ఇచ్చిన అచ్చు

మొన్న మా మనవరాలు ఏదో పోటీ పరీక్షకి చదువుకుంటూ, ‘బిట్రే’ అనే ఇంగ్లీషు మాట పుట్టుక ఫోనులో వెతికి వినిపించింది. ద్రోహం కదా, మూలంలో ఏ కత్తో విషమో ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే పాత లాటిన్‌లో దానికి ‘అప్పగించడం’ అనే అర్థమట. ఒక చేతిలోది ఇంకో చేతికి అందించడం. కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, జన్మంతా చేసింది ఆ పనే గనక నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. చిలకలపూడి మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్యంటే చుట్టం కాదు. గుడివాడలో మా నాన్న గాజుల కొట్టుకి రోల్డుగోల్డు సరుకు కోసం నేను చిలకలపూడి వెళ్లడానికి బందరు బస్సెక్కే రోజుల్లో, ఆయన దగ్గర గంటలకొద్దీ బేరమాడి, ఆయన భార్య పోసిన మజ్జిగ తాగి, అందులో ఉప్పు తక్కువైందని కూడా ధర తగ్గించమన్నవాణ్ణి. ఆయన ఇల్లు గడిచేదంతా మామిడిపిందెల గొలుసు మీదే. ఆ పిందె దిగే అచ్చు ఆయన తండ్రి స్వయంగా చెక్కింది. ఒకరి అచ్చు మరో పనివాడి గడప తొక్కకూడదని అక్కడ కట్టుబాటు. కాగితాలూ సంతకాలూ లేకుండానే అందరూ పాటించేవారు. అందుకే కంటి ఆపరేషనుకి వెళ్తూ, పని తెలిసిన అన్నదమ్ములకి కూడా ఇవ్వకుండా, దాన్ని పాత పంచెగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“నీకు పని రాదు, నోరొక్కటే వచ్చు. నీ దగ్గరైతే భద్రం అల్లుడూ,” అన్నాడు.

ఆ నోటితోనే నేను రెండు వీధుల అవతల ఇంకో పనివాడి దగ్గరికి వెళ్లి, అచ్చు చూపించి, ఇదే పిందె నువ్వెంతకి చేసిస్తావని అడిగాను. మావయ్య ధర కాస్త దించుదామనే తప్ప వేరే ఉద్దేశం లేదు. చూసి చెబుతాను, అచ్చు ఒక్క పూట ఉంచమని అతనంటే ఉంచాను.

నల్లద్దాలతో తిరిగొచ్చిన మావయ్య అచ్చుని చేతిలోకి తీసుకుని, గాడి వెంట బొటనవేలితో నిమురుతూ ఒక మూల ఆగిపోయాడు. గోటితో గీస్తే పిసరంత లక్క రాలింది. నకలు తీయడానికి లక్కముద్ద మీద ఒత్తారని అది చూశాక గానీ నాకు తెలియలేదు. ఆయనకి తాకగానే తెలిసింది.

“ఏపాటి తగ్గించాడేంటి అల్లుడూ?” అని అడిగాడు.

ఆయన భార్య ఆరోజు కూడా మజ్జిగ తెచ్చింది. తాగాను.

ఏడాది తిరక్కుండా ఆ పిందెల గొలుసు బందరు నుంచి అవనిగడ్డ దాకా ప్రతి కొట్లోనూ వేలాడింది, మా కొట్లో కూడా. మావయ్య పని మూతపడింది. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు మీద కాపలాకి కుదిరాడని విన్నాను. చూపు సరిగా ఆనని మనిషికి నీళ్ల కాపలా. వెళ్లి చూసే ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు కొత్త నమూనా కొట్లో వేలాడదీస్తే సాయంత్రానికల్లా దాని ఫొటో పది ఊళ్లు తిరుగుతుంది. దాన్ని ద్రోహమని ఎవరూ అనరు, ఎవరూ ఎవరినీ నమ్మి చేతిలో పెట్టింది కాదు గనక. ఆ గుడ్డముడి బరువు మాత్రం నా అరచేతికి ఇంకా తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ల వ్యాపారంలో మళ్లీ ఎవరూ నా చేతిలో ఏదీ అలా పెట్టలేదు.