పదకొండింటి కదలిక

రోజూ సరిగ్గా పదకొండింటికి మంగలి జేబులో ఫోను కుయ్యిమనేది. "ముందు గదిలో కదలిక" అంటూ ఇంట్లో బిగించిన అలారం కబురు పంపేది. వీధి తలుపు తెరిచినట్టు మాత్రం చెప్పేది కాదు. ఆ వేళకి ఇంట్లో ఉండేది తండ్రి ఒక్కడే. చేతులు వణుకుతున్నాయని ఆయన చేత కత్తెర మాన్పించింది ఈ కొడుకే. అడిగితే, "నేనా? వెనక గదిలో గుర్రుపెట్టి నిద్రపోతుంటాను" అనేవాడు పెద్దాయన.

షాపులో అందరికీ ఇదే కాలక్షేపం. "పిల్లేమో!" అన్నాడొకడు. "పిల్లి టైము చూసుకుని వస్తుందటయ్యా?" అన్నాడు గడ్డానికి నురగ పట్టించుకుని కూర్చున్న పోస్ట్‌మాన్.

ఆరోజు ఫోను మోగగానే మంగలి ఇక ఉండబట్టలేకపోయాడు. సగం గీసిన గడ్డంతో పోస్ట్‌మాన్‌ని కుర్చీలోనే వదిలేసి ఇంటికి పరుగెత్తి, కిటికీలోంచి తొంగిచూశాడు.

ముందు గదిలో మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని బడి మాస్టారు కూర్చున్నాడు. రెండు నెలలుగా షాపు మొహం చూడని మనిషి! పెరటి తలుపు దగ్గర మరో ఇద్దరు కాచుకున్నారు. ఆ తలుపుకి అలారం దండగని పట్టుబట్టింది తండ్రే. ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. కత్తెర జుట్టుకి తగిలే క్షణాన మాత్రం ఠక్కున కుదురుకుంటోంది.

మంగలి లోపలికొచ్చి నోరు తెరిచేలోపే, తండ్రి అద్దంలోంచి చూశాడు.

"మెడ మీద నీకూ పెరిగిందిరా, పొద్దున్నే చూశాను. వాళ్ళిద్దరి తర్వాత కూర్చో."