నీలావతి దంచిన ముళ్ళు

మడకశిర దగ్గర గొర్రెలు మేపుకునే తిరుపాల్ కూతురు నీలావతి. హిందూపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడు చదివేది. ప్రాజెక్టుకు అందరూ వేరుశనగో టమాటానో తీసుకుంటే, ఈమె పాపాసుకళ్ళిని పట్టుకుంది. పుస్తకాల్లో దాన్నే నాగజెముడు అంటారు. పెనుకొండ కొండవాలు మీదున్న మొక్కలూ, ధర్మవరం రైలుకట్ట పక్కనున్నవీ ఒకటేనా కాదా అని డీఎన్‌ఏ తీసి తేల్చాలని ఆమె ఆశ.

"గొర్రె కూడా మూతి పెట్టని చెట్టును నువ్వు చదువుతాండావా?" అని నాయన నవ్వాడు.

తీరా మొదలుపెడితే, ఆకులా కనిపించే దాని మట్ట నూరగానే జిగురు. బెండకాయ జిగురు దాని ముందు నీళ్ళే. కొలిచి పీల్చే పిపెట్‌లోకి ఎక్కదు, ఎక్కితే దిగదు. పదకొండు సార్లు చేసింది. పదకొండు సార్లూ డీఎన్‌ఏ ఆ జిగురులోనే చిక్కుకుపోయింది. డీఎన్‌ఏ వస్తే జెల్ మీద గీత పడాలి, ఒక్కటీ పడలేదు.

"ఇంకో మొక్క చూసుకో నీలావతీ, టైమ్ పోతాండాది" అన్నాడు గైడు కృష్ణకాంత్ సార్, మెత్తగానే. హాస్టల్‌కు పోయి బాగా ఏడ్చింది.

ఇదే ఆఖరుసారి అనుకుని పెనుకొండ పోయి మట్టలు కోస్తుంటే, చేతి తొడుగు దాటి ఒక ముల్లు బొటనవేలిలో దిగింది. పంటితో పట్టి లాగింది. ఉమ్మేయబోయి ఆగి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఎండుపుల్లలా ఉంది. జిగురన్నదే లేదు. ఈ చెట్టుకు ఆకులే ముళ్ళుగా మారాయి కదా, వీటిలోనూ డీఎన్‌ఏ ఉండాలి! ఇన్నాళ్ళూ మట్ట నూరే ముందు ముళ్ళన్నీ గీకి పారేసింది తనే.

"ఎండిన ముల్లులో ఏముంటాది?" అన్నాడు సార్.

"ఒక్క వారం ఇయ్యండి సార్."

రోట్లో వేసి దంచితే ముళ్ళు నలగకుండా చిట్లి ఎగిరాయి. బాగా గడ్డకట్టిస్తే గానీ పిండి కావు. అందుకు ద్రవ నైట్రోజన్ కావాలి, అది లాబ్‌లో లేదు. చిన్నప్పుడు వాళ్ళ ఆవుకు చూడి కట్టించే సూది వేయడానికొచ్చినాయన డబ్బా మూత తీస్తే పొగలు రావడం గుర్తొచ్చింది. ఆ డబ్బాలో ఉండేది ద్రవ నైట్రోజనే. సార్ చేత ఉత్తరం రాయించుకుని పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడ గంగాధర్ అనే పెద్దాయన ఉత్తరం చదవకుండానే అడిగాడు.

"ఏ ఊరి ఆవుకు పాపా?"

"ఆవుకు కాదన్నా, పాపాసుకళ్ళి ముళ్ళకు."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు. "ముళ్ళకూ సూదులేస్తాండారా ఇప్పుడు?" అని పడీపడీ నవ్వి, చిన్న క్యాన్‌లో పోసి, దాన్ని ఆటోలో నిలబెట్టిందాకా తోడొచ్చాడు.

ఆ చలికి ముళ్ళు గాజుపుల్లల్లా పెళుసెక్కాయి. నాలుగు దెబ్బలకు పిండైపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం జెల్ కింద నీలిరంగు లైటు వేసింది. పక్కనున్న స్నేహితురాలు శ్రుతి ముందు చూసింది.

"ఏయ్, ఆడ సూడు! గీత!"

సన్నగా, పాలిపోయి, కానీ గీతే. ముళ్ళపొడి వేయని గొట్టం తాలూకు గడి ఖాళీగానే ఉంది. అంటే ఇది బయటినుంచి అంటుకున్నది కాదు. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎగిరారు. సార్ వచ్చి, కళ్ళు చికిలించి చూసి, "మళ్ళీ చెయ్యి" అన్నాడు. మూడుసార్లు చేసింది. రెండు చోట్లవీ కలిపి తొమ్మిది మొక్కల్లో ఏడింటికి వచ్చింది. అప్పుడు సారే లాబ్‌లో అందరికీ మైసూర్‌పాక్ తెప్పించాడు.

ఆ డీఎన్‌ఏను బెంగళూరు పంపి చదివిస్తే, పెనుకొండదీ ధర్మవరందీ ఒకటే రకమని తేలింది. కొత్త జాతి దొరుకుతుందేమోనని లోలోపల ఆశపడ్డ నీలావతికి కాస్త చప్పగా అనిపించింది. కానీ బెంగళూరు సదస్సులో సగం ఇంగ్లీషు, సగం కన్నడంలో తన పని చెప్పుకొచ్చాక, యశోద అనే పెద్ద శాస్త్రవేత్త లేచింది.

"మా దగ్గర అరవై ఏళ్ళనాటి ఎండు జెముడు నమూనాలున్నాయి. ముక్క కోస్తే పాడైపోతాయని ముట్టుకోవడం లేదు. ఒక్కో ముల్లు చాలంటావా?"

"చాలొచ్చు మేడమ్. నేనొచ్చి చూడనా?"

ఈ జూన్ నుంచి నీలావతి ఆమె దగ్గరే ఆ పాత ముళ్ళ మీద పరిశోధన చేస్తోంది. శనివారం బస్సెక్కి ఇంటికొచ్చి, ఆదివారం పొద్దెక్కిందాకా నిద్రపోతుంది.