పాటలు పదికి తొమ్మిది

టీవీలో పాత తెలుపు నలుపు సినిమా వేస్తుంటే ఇప్పటికీ పక్కన కాగితం పెట్టుకుని పాటలు లెక్కపెడతాను. ప్రకటనల కోసం పాటలు కోసేస్తారు. ఎనిమిది రావలసిన చోట ఆరే వస్తే నాకు ఆ పూట నిద్ర పట్టదు. పామర్రులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ లెక్క నాకు బాగా అక్కరకొచ్చింది.

అది 1976 వేసవి. నాకు పెళ్లయి మూడేళ్లు. పటమటలో కాపురం, మావారికి ఆటోనగర్‌లో ట్రాక్టరు సామాన్ల కొట్లో పని. నేను చూసిన ప్రతి సినిమాకి నోటు పుస్తకంలో ఒక వరస రాసేదాన్ని: తేదీ, హాలు, ఏ ఆట, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోయింది, పాటలెన్ని. అది చూసి మా అత్తగారు, "సినిమా చూడ్డానికి పోతావా, కరణం లెక్కలు రాయడానికి పోతావా?" అని ఎత్తిపొడిచేవారు.

అయినా సినిమా పిచ్చిలో ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే. 1950లో నెలలు నిండిన కడుపుతో బెజవాడలో ఒక సినిమా చూస్తుంటే, ఇంటర్వెల్లో నొప్పులొచ్చాయి. రిక్షాలో ఇంటికి తీసుకొచ్చారు. దీపాలు పెట్టే వేళకి మావారు పుట్టారు. ఆవిడకి సినిమా ఇంటర్వెల్ దగ్గరే ఆగిపోయింది. ఒక గయ్యాళి అత్త, తన కాసులపేరు దొంగిలించిందని కోడల్ని చంటిపిల్లతో సహా వానలోకి గెంటేస్తుంది. ఆ తర్వాత ఏమైందో ఆవిడకి తెలియదు. ఎవర్నీ చెప్పనిచ్చేవారు కాదు. పక్కింటావిడ ఒకసారి, "ఆ అత్త చివరికి" అని మొదలుపెడితే, తాగుతున్న కాఫీ వదిలేసి లేచి వచ్చేశారు. నెల రోజులు ఆ గడప తొక్కలేదు. ఆ సినిమా మళ్లీ రెండుసార్లు ఊళ్లోకి వచ్చింది. ఒకసారి మావారికి తట్టు పోసింది, ఒకసారి ఆవిడకి జ్వరం.

"ఒక్క గంట ఆగలేకపోయావు కదరా," అని కొడుకు ప్రతి పుట్టినరోజుకీ దీవెనతో పాటు ఈ మాట కూడా అనేవారు.

ఆనాడు గేటు దగ్గర కొన్న పాటల పుస్తకం ట్రంకు పెట్టెలో గుడ్డలో చుట్టి ఉండేది. అందులో పది పాటలు. ముందు పేజీలో కథ, సరిగ్గా కోడలు వానలోకి వెళ్లేదాకా వేసి, కింద "మిగిలిన కథ వెండితెర మీద చూడండి" అని రాశారు. అప్పట్లో అన్ని పాటల పుస్తకాలూ అంతే. "ఈ ముక్క రాసినవాడు కనపడితే అడుగుతా," అనేవారు ఆవిడ.

మే నెలలో మావారు సామాన్లు దింపడానికి పామర్రు వెళ్లి, సాయంత్రం వచ్చి గుమ్మంలోనే చెప్పారు. "అమ్మా, నేను పాడుచేసిన సినిమా పామర్రులో ఆడుతోంది. రేపు ఆదివారమే ఆఖరు."

"నువ్వు కూడా రారా."

"నేనొస్తే మళ్లీ ఇంటర్వెల్లో లేవాల్సొస్తదేమో. మీరిద్దరూ వెళ్లండి."

అత్తగారు వెంకటగిరి చీర తీశారు. నేను పాటల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. బస్సులో ఉయ్యూరు దాకా ఆవిడ గొడవంతా కాఫీ ఫిల్టరు మూత గురించే. అది కనపడక పది రోజులైంది. "ఇంట్లో ఆడవాళ్లం ఇద్దరమే. నేనైతే పారెయ్యలేదు. ఇంకెవరు పారేసుంటారో, లెక్కలదానివి కదా, నువ్వే తేల్చు," అన్నారు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను.

అది రేకుల కప్పు హాలు. రెండున్నర ఆట, కరెంటు పోయి మూడూ పదికి మొదలైంది. మేము ఆడవాళ్ల వైపు బెంచీ మీద కూర్చున్నాం. ఇంటర్వెల్లో అత్తగారు రెండు సోడాలు కొట్టించి, "ఇక్కడిదాకా నాకు కంఠతా వచ్చు. ఇక నాతో మాట్లాడబాకు," అన్నారు.

కోడలు ఎవరింట్లోనో వడ్లు దంచుతూ పాట పాడింది. పాట అయ్యాక బొమ్మ ఒక్కసారి అదిరింది. చూస్తే అదే అత్త, అదే కోడలికి నెయ్యి వేసి అన్నం కలిపి ముద్దలు పెడుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. అందరూ నవ్వారు. శుభం పడింది.

జనం లేస్తున్నారు. అత్తగారు లేవలేదు.

"అదేంటే, అంత గయ్యాళిది ఎట్టా మారింది? ఎవరు మార్చారు?" అన్నారు. "ఇరవయ్యారేళ్లు ఆగింది అది తెలుసుకుందామనేనే," అన్నారు మెల్లిగా.

గడియారం చూశాను. అయిదూ నలభై అయిదు. మొదట్లో తెర మీద వేసిన సెన్సారు కాగితంలోని నిడివి ప్రకారం, విరామంతో కలిపి ఆరూ అయిదు కావాలి. ఇరవై నిమిషాలు తక్కువ. రీలుకి పది నిమిషాల చొప్పున రెండు రీళ్లు. పుస్తకంలో పాటలు పది, వచ్చినవి ఎనిమిది. నేను మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"తొమ్మిదో పాటా పదో పాటా ఏవండీ?"

"అవి ఈ సినిమాలో లేవమ్మా."

పుస్తకం తెరిచి చూపించాను. ఆయన పుస్తకం వంక చూసి, నా గడియారం వంక చూసి, "కరెంటు పోయింది కదమ్మా. ఆరింటికి ఫస్టు షో వెయ్యాలి. జనం గేటు దగ్గరున్నారు," అన్నాడు.

"మేం కూడా టిక్కెట్టు కొన్న జనమేనండి."

వెనక నుంచి అత్తగారి గొంతు. "ఆ గయ్యాళి ఎట్టా మారిందో చూపించేదాకా నేను లేవను నాయనా." పక్కనున్న ఆవిడ కూడా కూర్చుంది. "అవునండీ, నాకూ అర్థం కాలేదు. మా అత్తకి చెప్పాలి," అంది. నవ్వుకుంటూ ఆడవాళ్ల బెంచీలన్నీ మళ్లీ నిండాయి.

మేనేజరు తల గోక్కుని, "ఒక్క రీలు వేస్తానండి. రెండోది అసలు పెట్టెలోనే రాలేదు," అన్నాడు. గేటు తీశారు. ఫస్టు షో జనం గోడల వెంట నిలబడ్డారు. పాపం, వాళ్లకి సినిమా మధ్యలోంచి మొదలైంది.

ఆ రీల్లో గయ్యాళి అత్త చింతపండు కోసం కుండలో చెయ్యి పెడుతుంది. కాసులపేరు తగులుతుంది. దొంగల భయంతో తనే దాచి, తనే మరిచిపోయింది. కుండ ముందు కూలబడి ఒక పాట పాడుతుంది. విషాదమైన పాటే. కానీ కోడలికి నెయ్యన్నం దొరికిందని మాకు ముందే తెలుసు కదా. అత్తగారు పాటంతా నవ్వుతూనే ఉన్నారు. "తనే దాచుకుని పిల్లని గెంటింది చూడు, ముదనష్టపుది," అని కళ్లొత్తుకున్నారు. "చివర ముందు చూడ్డమే మంచిది అమ్మాయ్. ఏడుపుండదు."

ఆ పదో పాట నేను ఈనాటికీ చూడలేదు. నోటు పుస్తకంలో ఆ వరసలో 'పాటలు పదికి తొమ్మిది' అనే ఉంది.

తిరుగు బస్సులో ఉయ్యూరు దాటేదాకా ఆవిడ ఫిల్టరు మూత మాటే ఎత్తలేదు. సినిమా నెమరేసుకుంటున్నారనుకున్నాను. ఇంటికి రాగానే మావారు గుమ్మంలో ఎదురొచ్చి, "ఏమైందమ్మా చివరికి?" అని అడిగారు. ఆవిడ చీరైనా మార్చకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లారు. పైఅరలో కందిపప్పు డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆ డబ్బా ఆవిడ తప్ప ఎవరూ ముట్టరు.



"అమ్మాయ్," అని పిలిచారు. "కాఫీ పెడతాను, తాగుతావా?"

వెళ్లి చూస్తే ఫిల్టరు మీద మూత ఉంది. అంచున రెండు కందిపప్పు బద్దలు అంటుకుని ఉన్నాయి.